చికాగో ఆకాశహర్మ్యాలు: ఎత్తు వెనుక ఉన్న లెక్క

పాఠం 17

17.1 ఉపోద్ఘాతం

చికాగో నగరం పేరు మీరు వినే ఉంటారు. 1893 సెప్టెంబరు 11న స్వామి వివేకానంద సర్వమత మహాసభలో తన తొలి ప్రసంగం చేసింది ఆ నగరంలోనే. అదే సంవత్సరం ఫిబ్రవరిలో ఆయన సికింద్రాబాదులోని మహబూబ్ కళాశాలలో తన పశ్చిమ దేశాల యాత్ర ఉద్దేశాన్ని గురించి ఉపన్యసించారు. చికాగోలో ఆయన మాట్లాడిన భవనం ఈనాటికీ ఉంది. దానిని ఇప్పుడు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ అంటారు.

ఈ భవనం ఎదుట నుంచి ఆడమ్స్ వీధి పడమరగా బయలుదేరుతుంది. ఆ వీధి వెంట సుమారు ఒక కిలోమీటరు నడిస్తే రెండు ముఖ్యమైన స్థలాలు వస్తాయి. మొదటిది 1885లో 10 అంతస్తుల భవనం వెలసిన చోటు. రెండవది 110 అంతస్తుల విల్లిస్ టవర్. ఈ రెండింటి మధ్య దూరం కొద్ది నిమిషాల నడకే. కాని 10 అంతస్తుల నుంచి 110 అంతస్తులకు చేరడానికి మనిషికి దాదాపు 90 సంవత్సరాలు పట్టింది.

ఇన్నేళ్ళు ఎందుకు పట్టింది? ఇటుక మీద ఇటుక, ఇనుము మీద ఇనుము పేర్చుకుంటూ పోతే సరిపోదా? సరిపోదు. ఎందుకు సరిపోదో ఈ పాఠంలో తెలుసుకుందాం.

17.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• ఎత్తైన భవనాలు మొదట చికాగోలో ఎందుకు పెరిగాయో చెప్పగలుగుతారు.
• బరువు మోసే గోడకూ ఉక్కు చట్రానికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• ఎత్తు పెరిగే కొద్దీ గాలి ఎందుకు పెద్ద సమస్య అవుతుందో గుర్తించగలుగుతారు.
• ఫజ్లుర్ రహమాన్ ఖాన్ రూపొందించిన గొట్టపు పద్ధతిని కాగితంతో చేసి చూపగలుగుతారు.
• చికాగోలోని ఐదు అత్యంత ఎత్తైన భవనాలను పోల్చగలుగుతారు.

17.3 అగ్నిప్రమాదం తరవాత

1871 అక్టోబరు 8వ తేదీ రాత్రి చికాగోలో పెద్ద అగ్నిప్రమాదం మొదలయింది. అప్పటి నగరంలో ఇళ్ళు, కాలిబాటలు కూడా చాలావరకు కర్రతో కట్టినవే. మంటలు 10వ తేదీ దాకా ఆరలేదు. సుమారు 300 మంది మరణించారు. దాదాపు లక్షమంది నిలువ నీడ లేనివారయ్యారు.

నగరం మధ్యభాగాన్ని మళ్ళీ కట్టుకోవలసి వచ్చింది. రైలు మార్గాలు కలిసే చోటు కనుక వ్యాపారం త్వరగా కోలుకున్నది. నగరం నడిబొడ్డున స్థలాల ధరలు పెరిగాయి. నేల కొనడం కష్టమయినప్పుడు యజమానులు పైకి చూశారు. ఒకే స్థలంలో ఎక్కువ అంతస్తులు వేస్తే ఎక్కువ అద్దె వస్తుంది.

కాని పైకి వెళ్ళడానికి రెండు అడ్డంకులు ఉండేవి. మొదటిది మెట్లు. ఐదారు అంతస్తులు ఎక్కి గదిని అద్దెకు తీసుకునేవారు ఎవరు? ఈ చిక్కు లిఫ్టుతో తీరింది. 1854లో న్యూయార్కు ప్రదర్శనలో ఎలిషా ఓటిస్ తాను వేదిక మీద నిలబడి, దానిని మోస్తున్న తాడును కోయించాడు. తాడు తెగినా వేదిక కింద పడలేదు. తాడు తెగగానే పట్టుకునే కొక్కెం అతడు కనిపెట్టినదే. లిఫ్టు ఎక్కడానికి జనానికి ధైర్యం కలిగింది.

రెండవ అడ్డంకి గోడలు. అది దీనికంటే పెద్దది.

17.4 గోడ నుంచి చట్రానికి

మన ఊళ్ళలోని పాత పెంకుటిళ్ళను చూడండి. పైకప్పు బరువంతా గోడల మీదనే ఉంటుంది. గోడ కూలితే ఇల్లు కూలుతుంది. దీనిని బరువు మోసే గోడ అంటారు. ఇలాంటి గోడలతో అంతస్తులు పెంచుకుంటూ పోతే, పైవాటి బరువు మోయడానికి కింది గోడలను మరింత మందంగా కట్టాలి.

ఇందుకు చికాగోలోనే మంచి ఉదాహరణ ఉంది. అది మొనాడ్నాక్ భవనం. 1891లో పూర్తయిన దీని ఉత్తర భాగానికి ఇటుక గోడలే ఆధారం. నేలమట్టంలో ఆ గోడల మందం 6 అడుగులు. అంటే ఒక మనిషి చేతులు చాచి నిలబడినంత! యజమాని అద్దెకు ఇవ్వవలసిన స్థలాన్ని గోడే తినేసింది. అంతేకాదు. చికాగో నేల మెత్తని బంకమట్టి. ఈ బరువుకు భవనం కాలక్రమంలో సుమారు 20 అంగుళాలు కిందికి దిగింది.

దీనికి కొన్నేళ్ళ ముందే మరొక దారి కనిపించింది. 1885లో విలియం లె బారన్ జెన్నీ అనే ఇంజనీరు ఆడమ్స్, లాసాల్ వీధుల కూడలిలో హోమ్ ఇన్సూరెన్స్ భవనాన్ని నిర్మించాడు. దాని ఎత్తు 42 మీటర్లు, అంతస్తులు 10. అందులో ఇనుప స్తంభాలు, దూలాలు కలిసి ఒక చట్రంగా ఏర్పడి బరువులో చాలా భాగాన్ని మోశాయి. పై అంతస్తులలో ఉక్కు దూలాలను కూడా వాడారు. మన శరీరంలో బరువు మోసేది ఎముకల గూడు, చర్మం కాదు. ఇదీ అలాంటిదే. బరువు మోసే పని తగ్గినప్పుడు గోడ పలచబడవచ్చు, కిటికీలు పెద్దవి కావచ్చు.

ఈ భవనాన్ని తొలి ఆకాశహర్మ్యంగా చాలామంది పేర్కొంటారు. దీని గోడలు కూడా కొంత బరువు మోశాయి కనుక కొందరు చరిత్రకారులు ఆ మాటను అంగీకరించరు. 1931లో దీనిని కూల్చివేశారు. అయినా జెన్నీ చూపిన దారి నిలిచింది. మొనాడ్నాక్ భవనానికే 1893లో చేర్చిన దక్షిణ భాగాన్ని ఉక్కు చట్రంతో కట్టారు. ఒకే భవనంలో సగం పాత పద్ధతి, సగం కొత్త పద్ధతి ఇప్పటికీ పక్కపక్కన చూడవచ్చు.

మెత్తని నేల సమస్యకు కూడా పరిష్కారం దొరికింది. బంకమట్టిలో బావుల వంటి లోతైన గుంటలు తవ్వి, గట్టి పొర దాకా దిగి, వాటిని కాంక్రీటుతో నింపారు. విల్లిస్ టవర్ ఇలాంటి 114 కాంక్రీటు స్తంభాల మీద నిలబడి ఉంది. అవి కింది రాతిపొరను తాకుతాయి.

పాఠ్యాంశ ప్రశ్నలు 17.1
1. చికాగోలో యజమానులు ఎక్కువ అంతస్తులు కట్టాలని ఎందుకు కోరుకున్నారు?
2. మొనాడ్నాక్ ఉత్తర భాగం గోడలు అంత మందంగా ఎందుకు ఉన్నాయి?
3. ఉక్కు చట్రాన్ని శరీరంలో దేనితో పోల్చాం?

17.5 అసలు శత్రువు గాలి

చట్రం బరువు సమస్యను తీర్చింది. ఇక ఎంత ఎత్తయినా కట్టవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. పెద్ద గాలివాన వచ్చినప్పుడు మీ ఊళ్ళో ఏది ఎక్కువ ఊగుతుంది? పొట్టి మొక్కా, పొడవైన కొబ్బరిచెట్టా?

భవనం బరువు కిందికి లాగుతుంది. గాలి పక్కకు తోస్తుంది. వెడల్పు మారకుండా భవనం ఎత్తు రెట్టింపయిందనుకోండి. గాలి తగిలే గోడ రెట్టింపవుతుంది. ఆ గాలి తోసే సగటు ఎత్తు కూడా రెట్టింపవుతుంది. కనుక భవనాన్ని పడదోయాలని చూసే ప్రభావం రెండు రెట్లు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. పైగా నేల మీదకంటే ఎత్తులో గాలి వేగం ఎక్కువ. నిజానికి ఆ ప్రభావం నాలుగు రెట్లకు మించుతుంది.

1960 వరకు ఇంజనీర్లు దీనికి ఒకటే మందు వాడారు. లోపలి స్తంభాలను, దూలాలను, అవి కలిసే అతుకులను మరింత గట్టిగా చేయడం. అంటే మరింత ఉక్కు. న్యూయార్కులో 1931లో కట్టిన ఎంపైర్ స్టేట్ భవనంలో ప్రతి చదరపు మీటరు అంతస్తుకు సుమారు 206 కిలోల ఉక్కు పట్టింది. ఇలా పోతే ఒక ఎత్తు దాటిన తరవాత అద్దెకు వచ్చే డబ్బుకంటే ఉక్కుకు పెట్టే ఖర్చే ఎక్కువవుతుంది. ఎత్తుకు హద్దు గీసింది ఆకాశం కాదు, ఈ లెక్క.

17.6 ఢాకా నుంచి వచ్చిన ఇంజనీరు

ఈ లెక్కను మార్చినవాడు మన ఉపఖండం నుంచి వెళ్ళినవాడే. ఫజ్లుర్ రహమాన్ ఖాన్ 1929లో ఢాకాలో జన్మించాడు. అప్పటికి అది అవిభక్త భారతదేశంలోని నగరం. కలకత్తా సమీపంలోని శిబ్‌పూర్ ఇంజనీరింగ్ కళాశాలలో కొంతకాలం చదివి, ఢాకాలో పట్టం పొందాడు. 1952లో ఉపకార వేతనం మీద అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, 1955లో డాక్టరేటు అందుకున్నాడు. ఆ తరవాత చికాగోలోని స్కిడ్‌మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్ అనే నిర్మాణ సంస్థలో చేరాడు.

ఖాన్ వేసుకున్న ప్రశ్న చాలా సులువుగా ఉంటుంది. గాలిని ఎదుర్కొనే బలం భవనం లోపల ఎందుకు ఉండాలి? అంచున ఎందుకు ఉండరాదు?

వెదురును గుర్తు చేసుకోండి. లోపల డొల్ల. బలమంతా చుట్టూ ఉన్న గోడలోనే. అయినా గాలికి వంగి మళ్ళీ నిలబడుతుంది. ఖాన్ స్తంభాలను భవనం చుట్టూ అంచున, దగ్గర దగ్గరగా నిలిపి, వాటిని దూలాలతో గట్టిగా కలిపాడు. అప్పుడు నాలుగు గోడలూ కలిసి నేలలో పాతిన ఒకే గొట్టంలా పనిచేస్తాయి. దీనినే గొట్టపు పద్ధతి అందాం. 1960ల మధ్యలో చికాగోలో కట్టిన 43 అంతస్తుల డివిట్-చెస్ట్‌నట్ నివాస భవనంలో ఈ పద్ధతిని మొదట అమలుచేశాడు.

చేసి చూడండి
1. ఒక కాగితాన్ని బల్ల మీద నిలువుగా నిలబెట్టండి. నిలబడదు.
2. అదే కాగితాన్ని గొట్టంగా చుట్టి, అంచు అంటించి నిలబెట్టండి. నిలబడుతుంది. దానిమీద ఒక పలుచని పుస్తకం పెట్టి చూడండి.
3. ఇలాంటివే తొమ్మిది గొట్టాలు చేసి, వరుసకు మూడు చొప్పున మూడు వరుసలుగా చేర్చి దారంతో కట్టండి. పక్క నుంచి ఊదండి. ఒక్క గొట్టాన్నీ ఊది చూడండి. తేడా గమనించి రాసుకోండి.

కాగితం బరువు మారలేదు. దానిని అమర్చిన తీరు మారింది. ఈ పాఠం సారమంతా ఈ చిన్న ప్రయోగంలో ఉంది.

17.7 రెండు గొప్ప భవనాలు

జాన్ హాన్‌కాక్ సెంటర్: 1969లో పూర్తయింది. 100 అంతస్తులు, 344 మీటర్లు. వాస్తుశిల్పి బ్రూస్ గ్రాహం, ఇంజనీరు ఖాన్. ఇందులో గోడల మీద పెద్ద పెద్ద ఉక్కు పట్టీలు ఇంటూ గుర్తు ఆకారంలో బయటికే కనిపిస్తాయి. కొన్ని కిటికీలకు అవి అడ్డం వస్తాయి కూడా. కాని గాలి తోపును అవి ఒక స్తంభం నుంచి మరొక స్తంభానికి పంచి, నేలకు దింపుతాయి. ఫలితంగా చదరపు మీటరుకు సుమారు 145 కిలోల ఉక్కే సరిపోయింది. ఎంపైర్ స్టేట్ లెక్కతో దీనిని పోల్చి చూడండి. 2018 నుంచి ఈ భవనాన్ని 875 నార్త్ మిషిగన్ అవెన్యూ అనే చిరునామాతోనే పిలుస్తున్నారు.

సియర్స్ టవర్: దుకాణాల వ్యాపారంలో పేరుపొందిన సియర్స్ సంస్థ కోసం గ్రాహం, ఖాన్‌లే దీనిని రూపొందించారు. 1973లో ఇది 442 మీటర్ల పూర్తి ఎత్తుకు చేరింది. ప్రతి వైపు 75 అడుగులు ఉన్న తొమ్మిది చదరపు గొట్టాలను, మీరు కాగితంతో చేసినట్టే, మూడు వరుసలుగా చేర్చారు. అన్నీ పైదాకా వెళ్ళవు. 50వ అంతస్తు వద్ద రెండు ఆగిపోతాయి. 66వ అంతస్తు వద్ద మరి రెండు, 90వ అంతస్తు వద్ద మూడు ఆగుతాయి. చివరికి రెండే శిఖరాన్ని చేరతాయి. అందుకే ఈ భవనం దూరం నుంచి మెట్లు మెట్లుగా కనిపిస్తుంది.

ఇందులో నూరుకు పైగా లిఫ్టులు ఉన్నాయి. అన్నీ అన్ని అంతస్తులలో ఆగితే ఎవరూ వేళకు చేరలేరు. అందువల్ల కొన్ని వేగంగా 33, 66 అంతస్తుల ప్రాంతంలోని మజిలీలకే వెళ్ళి ఆగుతాయి. అక్కడ దిగి, అన్ని అంతస్తులలో ఆగే లిఫ్టు ఎక్కాలి. ఎక్స్‌ప్రెస్ బండి దిగి జంక్షన్లో ప్యాసింజరు ఎక్కడం లాంటిదే ఇది.

ఈ కట్టడం 1998 వరకు ప్రపంచంలోకెల్లా ఎత్తైన భవనంగా నిలిచింది. కాని కట్టించుకున్న సంస్థ అందులో ఎక్కువ కాలం ఉండలేదు. 1990ల మొదటి భాగంలోనే తన కార్యాలయాలను నగరం వెలుపలికి మార్చుకున్నది. 2009 నుంచి భవనం పేరు విల్లిస్ టవర్. యజమాని మారాడు, పేరు మారింది. తొమ్మిది గొట్టాలు మాత్రం అలాగే నిలిచి ఉన్నాయి.

ఖాన్ 1971లో బంగ్లాదేశ్ విమోచన సమయంలో చికాగోలోని తోటివారిని కూడగట్టి, స్వదేశ ప్రజల సహాయానికి పూనుకున్నాడు. 1982లో 52 ఏళ్ళ వయసులో మరణించాడు. ఆయన సమాధి చికాగోలోనే ఉంది. 1998లో నగరపాలక వర్గం సియర్స్ టవర్ పాదాల వద్ద ఉన్న వీధి కూడలికి ఆయన పేరు పెట్టింది.

పాఠ్యాంశ ప్రశ్నలు 17.2
1. వెడల్పు మారకుండా ఎత్తు రెట్టింపయితే గాలి పడదోసే ప్రభావం ఎన్ని రెట్లు అవుతుంది?
2. హాన్‌కాక్ సెంటర్ అంతస్తుల మొత్తం వైశాల్యం సుమారు 2,60,000 చదరపు మీటర్లు. ఎంపైర్ స్టేట్ లెక్కన కట్టి ఉంటే ఎంత ఉక్కు అదనంగా పట్టేది?
3. సియర్స్ టవర్‌లో 70వ అంతస్తు వద్ద ఎన్ని గొట్టాలు ఉంటాయి?

17.8 పొదుపు ఎక్కడ పనికిరాదు?

తక్కువ పదార్థంతో కట్టడమే గొప్ప అయితే, అన్నిటినీ పలుచగా చేస్తే సరిపోతుందా? ఈ ప్రశ్నకు చికాగోలోనే జవాబు ఉంది.

1973లోనే పూర్తయిన స్టాండర్డ్ ఆయిల్ భవనాన్ని ఇప్పుడు ఏఆన్ సెంటర్ అంటారు. ఎత్తు 346 మీటర్లు. దీని ఒంటినిండా ఇటలీలోని కరారా పాలరాతి పలకలు తాపడం చేశారు. పలకల మందం సుమారు 3 సెంటీమీటర్లు మాత్రమే. చికాగోలో వేసవి ఎండ తీవ్రం. చలికాలంలో నీరు గడ్డకడుతుంది. ఆ వేడికీ చలికీ పలకలు క్రమంగా వంగి, బలం కోల్పోయాయి. 1974లోనే ఒక పలక ఊడి పక్క భవనం పైకప్పు మీద పడింది. చివరికి 1990-92 మధ్య సుమారు 43,000 పలకలను తొలగించి, వాటి స్థానంలో మరింత మందమైన తెల్లని గ్రానైటు పలకలు అమర్చవలసి వచ్చింది.

ఖాన్ కూడా పదార్థాన్ని తగ్గించాడు, ఇక్కడా తగ్గించారు. తేడా ఏమిటి? ఖాన్ బలం ఎక్కడ అవసరమో తెలుసుకుని ఉక్కును అక్కడికి చేర్చాడు. పాలరాతి విషయంలో ఆ ఊరి వాతావరణాన్ని ఆ రాయి తట్టుకుంటుందా అన్న ప్రశ్నకు సరైన జవాబు దొరకక ముందే పని జరిగిపోయింది. పొదుపు వేరు, కొరత వేరు.

17.9 నేటి ఐదు ఎత్తైన భవనాలు

1. విల్లిస్ టవర్: 442 మీటర్లు, 1973
2. ట్రంప్ ఇంటర్నేషనల్ హోటల్ అండ్ టవర్: 423 మీటర్లు, 2009
3. సెయింట్ రీజిస్ చికాగో: 365 మీటర్లు, 2020
4. ఏఆన్ సెంటర్: 346 మీటర్లు, 1973
5. 875 నార్త్ మిషిగన్ అవెన్యూ: 344 మీటర్లు, 1969

ఈ పట్టికను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఎత్తును ఎక్కడి దాకా కొలిచారు? అంతర్జాతీయ నియమం ప్రకారం భవన రూపంలో భాగమైన శిఖరాన్ని లెక్కిస్తారు. తరవాత అమర్చే ప్రసార స్తంభాలను లెక్కించరు. ప్రసార స్తంభాలతో కలిపితే విల్లిస్ టవర్ ఎత్తు 527 మీటర్లు. అవి లెక్కకు రావు. 1998లో కౌలాలంపూరులోని పెట్రోనాస్ జంట భవనాలు శిఖరాలతో కలిపి 452 మీటర్లతో మొదటి స్థానం తీసుకున్నాయి. పట్టికలోని రెండవ భవనం 423 మీటర్లలోనూ శిఖరం ఉంది. దాని పైకప్పు సుమారు 357 మీటర్ల వద్దే ఉంది. పైకప్పు దాకానే కొలిస్తే సెయింట్ రీజిస్ రెండవ స్థానానికి వస్తుంది. అంకె చూడగానే నమ్మకుండా, దేనిని కొలిచారో అడగడం మంచి విద్యార్థి లక్షణం.

సెయింట్ రీజిస్ వాస్తుశిల్పి జీన్ గ్యాంగ్ అనే మహిళ. గాలి ఒత్తిడి తగ్గించడానికి ఈ భవనంలో 83వ అంతస్తును గదులు లేకుండా, గాలి అటునుంచి ఇటు సాగిపోయేలా ఖాళీగా వదిలారు. గాలిని ఎదిరించడమే కాదు, దానికి దారి ఇవ్వడమూ ఒక ఉపాయమే.

17.10 మీరేం నేర్చుకున్నారు?

• అగ్నిప్రమాదం, స్థలాల ధర, లిఫ్టు కలిసి చికాగోను పైకి పెంచాయి.
• మొదటి అడ్డంకి బరువు. దానిని ఉక్కు చట్రం తీర్చింది.
• రెండవ అడ్డంకి గాలి. దానిని ఖాన్ గొట్టపు పద్ధతి తక్కువ ఉక్కుతో తీర్చింది.
• ఎత్తు పెరగడానికి కారణం ఎక్కువ పదార్థం కాదు, పదార్థాన్ని సరైన చోట ఉంచిన ఆలోచన.

17.11 పాఠాంత ప్రశ్నలు

1. బరువు మోసే గోడ, ఉక్కు చట్రం – ఈ రెండింటి తేడాలను మొనాడ్నాక్ భవనం ఆధారంగా రాయండి.
2. గొట్టపు పద్ధతిని వెదురుతో పోల్చి, మీ మాటల్లో ఒక పేరాలో వివరించండి.
3. “పొదుపు వేరు, కొరత వేరు.” ఈ మాటను రెండు భవనాల ఉదాహరణలతో సమర్థించండి.
4. మీ ఊళ్ళో ఎత్తైన కట్టడం ఏది? నీళ్ళ ట్యాంకు, గాలిగోపురం, మినారు, సెల్ టవర్ – ఏదైనా కావచ్చు. అది గాలికి ఎలా నిలబడుతున్నదో పరిశీలించి, పది వాక్యాలు రాయండి.

17.12 పాఠ్యాంశ ప్రశ్నలకు జవాబులు

17.1
1. స్థలాల ధరలు పెరిగాయి. ఒకే స్థలంలో ఎక్కువ అద్దె రావాలని.
2. పై అంతస్తుల బరువును ఆ గోడలే మోయాలి కనుక.
3. ఎముకల గూడుతో.

17.2
1. నాలుగు రెట్లు. ఎత్తులో గాలి వేగం కూడా ఎక్కువ కనుక నిజంగా ఇంకా ఎక్కువే.
2. చదరపు మీటరుకు తేడా 206 – 145 = 61 కిలోలు. 2,60,000 × 61 = 1,58,60,000 కిలోలు. అంటే సుమారు 15,900 టన్నులు. పది టన్నుల లారీలకు ఎత్తితే దాదాపు 1,590 లారీల ఉక్కు.
3. ఐదు. (తొమ్మిదిలో రెండు 50వ అంతస్తు వద్ద, రెండు 66వ అంతస్తు వద్ద ఆగిపోయాయి.)

రెండవ జవాబు మీకు సరిగా వచ్చిందా? రాకపోతే 17.5, 17.7 విభాగాలను మళ్ళీ చదివి, లెక్కను మీరే వేసి చూడండి.